జోగారావు గారి బోణీ

ఉదయశ్రీకి మాటలెక్కువ. ఈ సంగతి చిక్కడపల్లిలో ఆమె డీటీపీ షాపు ఉన్న గల్లీ మొత్తానికి తెలుసు. పెళ్లికార్డు కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు, కార్డు చేతికి అందేలోగా ఆమె ఆడపడుచు మోకాలి ఆపరేషన్ గురించీ, మేడ మీద కిరాయికుండేవాళ్ల కుక్క గురించీ పూర్తిగా తెలుసుకుని మరీ వెళ్తారు. నోరు ఆడుతున్నంతసేపూ వేళ్లూ ఆడుతూనే ఉంటాయి, తప్పు పడదు. నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉన్న రోజుల్లో, పదో తరగతి సెలవుల్లో, ఇంట్లో ఉంటే అమ్మ వంటకు పిలుస్తుందని తప్పించుకుపోయి నేర్చుకున్న విద్య అది. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ వేళ్లకు పని తగ్గలేదు. భర్త కిషన్ రావు మందుల షాపులో పనిచేస్తాడు, అవసరానికి మించి నోరు విప్పడు. ఒక్కగానొక్క కూతురు సంజనకూ తండ్రి పోలికే వచ్చింది. అంచేత ఆ ఇంట్లో ముగ్గురి మాటలూ ఉదయశ్రీ ఒక్కతే మాట్లాడాల్సి వచ్చేది.

అలాంటి మనిషిని జోగారావు గారు ఏరి కోరి పిలిపించుకున్నారు.

జోగారావు గారంటే చిన్నాచితకా రచయిత కాదు. ఆడవాళ్ల మనసు చదివినవాడని పేరు. వారపత్రికలు నడిచిన రోజుల్లో ఆయన సీరియల్ కోసం అత్తాకోడళ్లు పుస్తకాన్ని చెరోవైపు లాక్కునేవారట. పత్రికలు మూతపడ్డాక ఆయన నవలలు ఫోన్లలోకి ఎక్కాయి, పాఠకులు మాత్రం తగ్గలేదు. ఆయన కథానాయికలందరూ చివరి అధ్యాయంలో ఇల్లు విడిచి వెళ్లిపోతారు. ఎక్కడికో చెప్పరు, తిరిగి రారు. ఏం ముగింపండీ అని జనం కళ్లు తుడుచుకుంటారు. కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డ ఆయనకు ఈమధ్య షుగరు వల్ల రెండు కళ్లూ పోయాయి. చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టేవాళ్లు కావాలి. ఉదయశ్రీ కన్నా వేగంగా కొట్టేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

షాపు తెరిచే లోపు, పొద్దున పూట, లాప్‌టాప్ సంచీలో వేసుకుని ఆమె అశోక్‌నగర్ నడిచివెళ్లేది. పాత బిల్డింగులో మొదటి అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా అన్నీ కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మీద ఉద్యోగాలు వచ్చినవాళ్ల నవ్వుమొహాలు. కింద రోడ్డు మీద ఉద్యోగాలు రానివాళ్లు టీ తాగుతూ ఉంటారు.

ఆ ఇంట్లో ఆమెకు మొదట కనిపించిన వింత కమలాకుమారి, జోగారావు గారి భార్య. ఆవిడకు గొంతు లేక కాదు. కూరగాయల బండి దగ్గర బేరమాడేది, పనిమనిషి రామక్కతో వంటింట్లో గుసగుసగా మాట్లాడేది. మొగుడితో మాత్రం ఒక్క ముక్క ఉండదు. కాఫీ తెచ్చి గ్లాసును ఆయన చెవి పక్కగా బల్ల మీద టక్కుమనిపించేది. ఆయన తడుముకుని తీసుకునేవారు. అన్నం వేళయితే కంచం అంచును గరిటెతో తట్టేది. వేణ్నీళ్లు సిద్ధమైతే స్నానాల గది గొళ్లెం ఆడించేది. ఆడవాళ్ల మనసు చదివినాయన సంసారం ఇలా చప్పుళ్ల మీద నడుస్తోందన్నమాట. మొదట్లో ఉదయశ్రీకి నవ్వొచ్చింది. పోనుపోను ఆ గ్లాసు చప్పుడు వింటే ఒళ్లు జలదరించేది.

ఇక జోగారావు గారి పద్ధతి చెప్పాలి. కథ ఎంత తొందర మీద ఉన్నా ముందు బోణీ జరగాలి. “ఏమ్మా, బోణీ చెయ్యి,” అనేవారు కుర్చీలో వెనక్కి వాలి. కొట్టువాడికి పొద్దున్నే మొదటి బేరం ఎలాగో ఆయనకది అలాగ. ఎదురుగా కూర్చున్న మనిషి తన ఇంట్లో జరిగిన నిజమైన సంగతి ఒకటి చెప్పాలి. అది నచ్చితేనే కథ కదులుతుంది. ఉదయశ్రీకి ఇంతకన్నా సుళువైన పని ఏముంటుంది? నీళ్ల ట్యాంకరు దగ్గర గొడవ చెప్పింది. ఆడపడుచు మోకాలు చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

“ఇవి చెల్లవమ్మా. ఎవరికీ చెప్పనిది చెప్పు.”

ఎవరికీ చెప్పనిది ఆమె దగ్గర ఏముంది? ఆమె బతుకంతా గల్లీకి తెలిసిందే. వెతుక్కోగా వెతుక్కోగా కూతురు దొరికింది.

“మా సంజన ఈమధ్య అద్దం చూసుకుంట లేదు సార్,” అంది ఒకరోజు. “గోడ దిక్కు తిరిగి దువ్వుకుంటది. ఎందుకో తెల్వది.”

జోగారావు గారు నిటారుగా కూర్చున్నారు. చూపులేని ఆ మొహం గుమ్మం వైపు తిరిగింది, ఎవరో వచ్చి నిలబడ్డట్టు. “రాయి,” అన్నారు. ఆ పూట ఆపకుండా చెప్పారు. వసుధ అనే అమ్మాయి కథ, కొత్త నవల, అక్కడ మొదలైంది. వంటింటి గుమ్మంలో కమలాకుమారి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఉదయశ్రీ పలకరింపుగా నవ్వితే ఆవిడ నవ్వలేదు.

సంజన డిగ్రీ అయ్యాక సర్కారు కొలువు పరీక్షలకు చదువుతోంది. ఒక పరీక్ష కొద్దిలో పోయింది, ఇంకొకటి వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. ఏమైంది బిడ్డా అంటే ఏం లేదు మమ్మీ అంటుంది. అడిగేకొద్దీ ఆ మాట కూడా కరువైంది.

కొన్నాళ్లు గడిచాక జోగారావు గారు ఇలా చెప్పారు. “వసుధ తన పుస్తకాలు ఒక్కొక్కటిగా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయికి ఇచ్చేస్తోంది. ఇంట్లో అల్మరా బోసిగా కనబడకుండా ఎప్పటివో ఇంటర్ పుస్తకాలు ముందు వరసలో నిలబెట్టింది.” ఉదయశ్రీ కొట్టింది. షాపు చూసుకుని ఇంటికి పోయింది. అన్నం కలుపుకున్నాక ఏం తోచిందో, ఎంగిలి చేత్తోనే లేచి సంజన అల్మరా తెరిచింది. ముందు వరసలో ఇంటర్ పుస్తకాలు. వాటిని పక్కకు జరిపితే వెనకంతా ఖాళీ.

ఇది తాను చెప్పలేదు. అసలు తనకే తెలియదు.

“మీకెట్ల తెలుస్తది సార్ ఇదంత?” అని మరునాడు అడిగింది.

“నువ్వే చెప్పావుగా, అద్దం మానేసిందని,” అన్నారాయన తేలిగ్గా. “అద్దం మానేసినవాళ్లు ఆ తర్వాత చేసే పని అదే.”

అక్కడితో సంచీ సర్దుకుని లేచి వచ్చేస్తే బాగుండేది. రాలేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ చెప్పాల్సిందే. కూతురు దాచుకున్నదంతా ఆయన నోట వినబడుతోంది. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, గోడలా నిలబడ్డ పిల్ల అశోక్‌నగర్‌లో ఆ గుడ్డి ముసలాయన ముందు తలుపులు తెరుచుకుంటోంది. ఏ తల్లి చెవులు మూసుకుంటుంది? ఉదయశ్రీకి ఆ పొద్దుటి వేళ కోసం ప్రాణం కొట్టుకునేది. నిద్రలో సంజన కలవరించిన మాట తెచ్చి ఇచ్చింది. కంచంలో వదిలేసిన అన్నం సంగతి ఇచ్చింది. కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చిన రోజు సంగతి ఇచ్చింది. చిటికెడు ఇస్తే ఆయన దోసెడు తిరిగిచ్చేవారు. వసుధ లైబ్రరీకని బయల్దేరి కాచిగూడ స్టేషన్‌కు పోతోందనీ, బెంచీ మీద కూర్చుని వెళ్లే బళ్లనే చూస్తోందనీ చెప్పారు. ఆ సాయంత్రం ఉతకడానికి వేసిన సంజన కుర్తా జేబులో ప్లాట్‌ఫారం టికెట్ దొరికింది.

రామక్క మెట్ల మీద ఆపింది ఒకరోజు, చీపురు గోడకు ఆనించి.

“బిడ్డా, నీ పిల్ల ముచ్చట్లు సారుకు చెప్తున్నవా?”

“ఏమైంది రామక్కా?”

“అమ్మ గూడ గిట్లనే చెప్పేది. అప్పట్ల సారు చేత్తోనే రాసుకుంటుండె. పొద్దుగాల కాఫీ ఇచ్చి బిడ్డ ముచ్చట ఒకటి చెప్పేది అమ్మ. నిహారిక అని, ఒక్కతే బిడ్డ. సారు గదంత కథల పెట్టిండు. ఆ కథల పిల్ల ఆఖర్ల ఇల్లిడిచి పోయింది. ఆఖరి ముక్క అచ్చయిన దినమే నిహారికమ్మ గూడ పోయింది. పోలీసోళ్లకు చెప్పిన్రు, పేపర్ల ఫోటో ఏసిన్రు, దొరకలే. గప్పటి సంది అమ్మ సారుతోని మాట్లాడది.”

“అది చదివి కోపమొచ్చి పోయిందేమో,” అంది ఉదయశ్రీ.

“పుస్తకం ఇంటికి రాకముందే పోయింది బిడ్డా,” అని రామక్క మళ్లీ చీపురు అందుకుంది.

మరునాడు బోణీ అడిగితే, “ఏం లేదు సార్,” అంది ఉదయశ్రీ. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

“పర్లేదమ్మా. వసుధ ఇప్పుడు తనంతట తనే నడుస్తోంది. రాయి.”

వసుధ మంచం కింద సంచీ సర్దిపెట్టుకుందని చెప్పారు. ఇంటికొచ్చి ఉదయశ్రీ మోకాళ్ల మీద వంగి చూసింది. సంచీ ఉంది. సంజన వచ్చేదాకా దాన్ని ముందు పెట్టుకుని నేల మీదే కూర్చుంది.

“ఈ బ్యాగేంది సంజనా?”

“నా బ్యాగు నువ్వెందుకు తీసినవ్ మమ్మీ?”

“ఎక్కడికి పోతున్నవ్?”

“ఎక్కడికి పోలే. ఊకె సర్దిన. సర్దుకుంటే జర మంచిగనిపిస్తది, అంతే.”

ఆ మాటే తెల్లారి వసుధ నోటి నుంచి వచ్చింది. “జర” అన్న ముక్క ఒక్కటే లేదు.

మానేద్దామని ఆలోచించకపోలేదు. కానీ తాను మానేస్తే ఆయన ఇంకొకరిని పెట్టుకుంటారు. అప్పుడు కథ ఎంతవరకు వచ్చిందో తనకు తెలియదు, ఏ రోజు గుమ్మంలో అడ్డం నిలబడాలో తెలియదు. ఇంత భయంలోనూ ఆయన చెప్పనిది కొట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆయన రోజూ కొట్టినదంతా తిరిగి చదివించుకుంటారు, ఒక్క పదం మారినా పట్టేస్తారు. చివరికి ఆయన్నే బతిమాలుకుంది.

“సార్, వసుధను ఇంట్లనే ఉంచరాదు? ఈ ఒక్కసారి.”

“నేను పంపడం లేదమ్మా,” అన్నారు జోగారావు గారు, నిజంగానే బాధగా. “వెళ్లేదాన్ని చూస్తున్నాను. చూడకుండా ఉండలేను. రేపటితో అయిపోతుంది.”

ఆ మర్నాడు ఉదయశ్రీ రోజూకన్నా ముందే మెట్లెక్కింది. సంజన ఇంకా నిద్రలో ఉండగానే వచ్చింది, బయట తలుపుకు తాళం వేసి మరీ వచ్చింది. ఆ తాళం ఎందుకూ పనికిరాదని ఆమెకే తెలుసు. లాప్‌టాప్ తెరిచింది. జోగారావు గారు గొంతు సవరించుకున్నారు. వంటింట్లోంచి కమలాకుమారి వచ్చింది. చేతిలో గ్లాసు లేదు. కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

“ఇవాళ బోణీ నేను చేస్తాను,” అంది.

ఆయన “కమలా” అన్నారు. ఆకలితో ఉన్నవాడికి వంటింటి వాసన తగిలినట్టు ఆ మొహం ముందుకు సాగింది. ఉదయశ్రీకి అసహ్యం వేసింది.

“ఆ పిల్లని వదిలెయ్యండి. వసుధని ఇంట్లో కూర్చోబెట్టి ఏదో ఒకటి చెయ్యండి. అలాగైతేనే చెప్తాను.”

“సరే.”

“నిహారిక వెళ్లిన రోజు నన్ను కూడా రమ్మంది.”



“చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, అమ్మా నువ్వూ వచ్చెయ్యి అంది. కూర పొయ్యి మీద ఉందే, అడుగంటుతుంది, ఆగు అన్నాను. కూర దించి వచ్చేసరికి లేదు. వంకాయ కూర. మధ్యాహ్నం మీరు తిన్నారు, బావుందన్నారు. అప్పటికింకా మీకు తెలీదు, అది వెళ్లిపోయిందని.”

ఆడవాళ్ల మనసు చదివినాయన భార్యను ఓదార్చలేదు. కూతురి పేరు కూడా తలవలేదు. ఉదయశ్రీ వైపు తిరిగి, “రాయి,” అన్నారు.

ముందు వసుధను వదిలించుకున్నారు. ఆ సాయంత్రం వసుధ పెందలాడే ఇల్లు చేరింది, ఆకలేస్తోందంది, అంతే. రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ సాయంత్రమే, పొద్దున తల్లి తాళం తీశాక లైబ్రరీకి వెళ్లిన సంజన వెలుగుండగానే వచ్చి చెప్పులు విప్పి, “మమ్మీ, ఆకలైతుంది, ఏమున్నది?” అంది. ఉదయశ్రీ పొయ్యి వైపు తిరిగి నిలబడి ఏడ్చింది. దోసెలు వేస్తూనే ఉంది, పిల్ల చాలంటున్నా వినలేదు.

ఇక నవల పేరు లేని ఒక ఆడమనిషిది అయింది. రోజూ కమలాకుమారి వచ్చి కూర్చుని చెప్పేది. కూతురి మంచం దుప్పటి మార్చడం ఎప్పుడు మానేసిందో చెప్పింది. మొగుడితో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాక, మాట్లాడాలనిపించినప్పుడల్లా నోట్లో ఏం పెట్టుకునేదో చెప్పింది. అటు సంజన బ్యాగు ఖాళీ చేసింది, ఇచ్చేసిన పుస్తకాలు అడిగి తెచ్చుకుంది. ఒకరోజు అద్దం ముందు నిలబడి, “మమ్మీ, నా మొహం గిట్ల నల్లగైందేంది?” అని అడిగింది. ఇటు కమలాకుమారి పట్టుచీరలు రామక్కకు ఇచ్చేసింది. దేవుడి గూట్లో దీపం కుందులు తోమి బోర్లించేసింది. ఉదయశ్రీ ఇదంతా చూస్తూనే ఉంది. ఒక పక్క తెలుస్తోంది, ఇంకో పక్క వేళ్లు ఇంకా వేగంగా పరుగెత్తుతున్నాయి.

ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్లి అడిగింది. “మీరెక్కడికి పోతరమ్మా?”

“నీ పిల్ల తింటోందా?” అంది కమలాకుమారి.

“తింటున్నదమ్మా.”

“మరి నువ్వు టైపు చెయ్యి.”

చివరి అధ్యాయం మంచి ఎండ పూట వచ్చింది. కింద రోడ్డు మీద టీ బండి దగ్గర పిల్లలు పాత ప్రశ్నలు వల్లె వేసుకుంటున్నారు. “ఆమె పొయ్యి ఆపింది,” అన్నారు జోగారావు గారు. ఉదయశ్రీ కొట్టింది. వంటింట్లో గ్యాసు మీట తిప్పిన చప్పుడయింది. “కొంగుకు చేతులు తుడుచుకుంది. గోడకున్న సంచీ తీసింది.” కొట్టింది. మేకు కదిలింది. చప్పుడు ఆయన చెప్పగానే రావడం లేదు. తాను కొట్టాక వస్తోంది.

“చెప్పులు వేసుకుంది,” అన్నారాయన.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఇల్లంతా ఆగిపోయింది. వంటింట్లో కమలాకుమారి సంచీ పట్టుకుని, ముందుకూ వెనక్కూ రాకుండా నిలబడి ఉంటుంది. కొట్టకపోతే అక్కడే ఉండిపోతుంది. ఇక్కడ కొట్టకపోతే ఆయన మళ్లీ గుమ్మం వైపు తిరిగి ఎవరి కోసం చూస్తారో ఉదయశ్రీకి తెలుసు.

“కొట్టావా?” అన్నారు జోగారావు గారు.

“కొట్టమ్మా,” అని లోపలి నుంచి ఆవిడ గొంతు నెమ్మదిగా వినిపించింది.

ఉదయశ్రీ కొట్టింది. చెప్పులు నేల మీద రాసుకున్నాయి. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మెట్లు దిగుతున్న అడుగులు విని ఆమె బాల్కనీలోకి పరుగెత్తింది. నీలం నేతచీర, గుడ్డసంచీ, టీ బండి పక్కగా పిల్లల మధ్యలోంచి నారాయణగూడ వైపు వెళ్తోంది. పిలిస్తే వినబడేంత దూరమే. పిలవడానికి నోరు తెరిచింది. అప్పుడే నడుముకు దోపుకున్న ఫోను మోగింది, తీసి చూసింది. సంజన పంపిన మెసేజ్. మధ్యాహ్నం ఇంటికే వస్తున్న, పప్పుచారు చెయ్యి మమ్మీ.

తెరిచిన నోరు మూసుకుంది. దానికి ఆమె ఎప్పటికీ సిగ్గుపడుతుంది, మళ్లీ అదే జరిగితే మళ్లీ మూసుకుంటుంది.

“ఎలా నడుస్తోంది?” కుర్చీలోంచి ఆయన అడిగారు. గొంతులో ఆత్రం. “చెప్పమ్మా, నాకు కనబడదు కదా. సంచీ ఏ చేతిలో ఉంది?”

“ఎడమ చేతిల సార్.”

“చీర?”

“నీలం.”

మలుపు దగ్గర కమలాకుమారి ఆగింది. వెనక్కి తిరిగి, తలెత్తి, సరిగ్గా ఆ బాల్కనీ వైపు చూసింది. లోపలికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. కాసేపు అలాగే చూసి మలుపు తిరిగిపోయింది.

“వెనక్కి చూసిందా?”

ఉదయశ్రీ కళ్లు తుడుచుకుంది.

“లేదు సార్.”

“చూడదని నాకు తెలుసు,” అన్నారు జోగారావు గారు తృప్తిగా. “వచ్చి కూర్చో. ఆమె వెనక్కి చూడలేదు. రాయి.”

ఆమె వచ్చి కూర్చుని, ఆయన చెప్పినట్టే కొట్టింది.